విపత్తు ప్రణాళికలో లేని పేజీ

అనంతపురం జిల్లా కలెక్టరు గారికి. వ్యవసాయ, విద్యుత్తు, పోలీసు, అటవీ, రహదారుల శాఖల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా,

2005 విపత్తు నిర్వహణ చట్టం 31వ సెక్షను ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలంటుంది, ఏటా దాన్ని సరిచూసుకోమంటుంది. కరువు, వడగాలి, పిడుగు, పెన్న పొంగు లాంటివాటికి అందులో చోటు దొరుకుతుంది. వీడియో గేముల్లోని రాక్షసులు తెరలోంచి దిగి మన చేలల్లో, రోడ్ల మీద తిరగడం మొదలుపెడితే ఏ శాఖ ఏం చేయాలన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఎందుకుంటుందని మీరు నవ్వొచ్చు. మేమూ నవ్వుకుంటూనే మొదలుపెట్టాం. కానీ చెనక్కాయ చేను, ఆ ఆటలు రెండూ తెలిసినవాళ్లం నలుగురం కూర్చుని లెక్క వేస్తే తేలిన సంగతులు కొన్ని నవ్వులాటగా లేవు. అందుకే ఆ పేజీ మేమే రాసి పంపుతున్నాం.

ముందు ఒక మాట. అడవిపందికి రూలంటూ లేదు. చేను చుట్టూ పాత చీరలు కడితే రెండు రోజులు జంకుతుంది, మూడో రోజు వాటి కిందుగానే దూరుతుంది. ఆట రాక్షసి అట్లా కాదు. ఎంత దూరంలో పుట్టాలి, ఎంత దగ్గరికొస్తే ఏం చేయాలి, దేన్ని చూస్తే పారిపోవాలి, అన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. ఆ రాత దాటి అది అడుగు వేయదు. కాబట్టి తుపాకులకు, టపాకాయలకు టెండర్లు పిలిచే ముందు ఆ రాత చదవమని మా మొదటి మనవి.

అన్నిటికంటే మన జిల్లాకు పెద్ద బెడద మైన్‌క్రాఫ్ట్‌లోని క్రీపర్. ఆ ఆట పూర్తి రూపంలో వచ్చింది 2011లో. పందిని గీయబోయి పొడవు, ఎత్తు తారుమారు కావడంతో పుట్టిన ఆకుపచ్చ బొమ్మ ఇది. చేతులుండవు, నాలుగు పొట్టి కాళ్లు. అడుగుల చప్పుడు వినపడదు. మనిషి మూడు మీటర్ల లోపలికి వచ్చాడంటే బుస్సుమంటుంది, ఒకటిన్నర సెకనులో పేలుతుంది. ఆ ఒకటిన్నర సెకనులో ఏడు మీటర్ల అవతలికి పోగలిగితే బుస ఆగిపోతుంది. పంచె ఎగ్గట్టి చేలో పరిగెత్తే మనిషికి అది కుదిరే పని కాదు. (ఆటలో ఒక దిమ్మె అంటే ఒక మీటరు. కింది కొలతలన్నీ ఆ లెక్కే, జావా వెర్షను ప్రకారం.)

ఇది ఎక్కడ పుడుతుందన్నది అసలు విషయం. మనిషికి 24 మీటర్ల లోపల పుట్టదు, 128 మీటర్లు దాటితే ఉండదు. ఆ నడిమి వలయంలో, వెలుతురు సున్నా అయిన నేల మీద పుడుతుంది. 2021లో వచ్చిన 1.18 వెర్షనుకు ముందు మసక వెలుతురులోనూ పుట్టేవి, ఇప్పుడు దీపపు వెలుగు బొత్తిగా లేనిచోటే. వెన్నెల దీపం లెక్కలోకి రాదు.

దీన్ని కొంచెం నిదానంగా ఆలోచించండి. మనిషే లేని చేలో క్రీపర్ పుట్టదు. పుట్టినా పేలడానికి దానికి మనిషి కావాలి. పంటను అది ముట్టదు. అంటే రాత్రిపూట చేనుకు పోయేవాడే రాక్షసిని వెంటబెట్టుకుని పోతున్నట్టు. మన దగ్గర రాత్రి చేనుకు ఎందుకు పోతారు? పందుల కాపలాకు, లేదా మోటారు వేయడానికి. మొదటిదానికి తర్వాత వస్తాం. రెండోది పూర్తిగా మీ చేతిలో ఉంది. వ్యవసాయానికిచ్చే తొమ్మిది గంటల కరెంటు పగటిపూట, ఒకే విడతలో, చెప్పిన వేళకు వస్తే క్రీపర్ బాధితుల జాబితాలో సగానికి పైగా పేర్లు అసలు ఎక్కవు. పాముకాటుకూ, తడికాళ్లతో స్టార్టరు పట్టుకుని షాకు కొట్టి పోయినవాళ్లకూ ఇదే మందని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. రాక్షసులు రాకపోయినా ఈ ఒక్కటి ఆలస్యం చేయొద్దు.

పగటి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. జాంబీ ఎండకు కాలిపోతుంది, క్రీపర్ కాలిపోదు. రాత్రి పుట్టింది తెల్లారి కూడా గట్టు మీద నిలబడి ఉంటుంది. అప్పుడు జరిగే తప్పేమిటంటే, ఊరంతా వచ్చి ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడతారు. మనుషులు దగ్గరుండటమే దానికి ఆయుష్షు. అందరూ 128 మీటర్ల అవతలికి పోయిన క్షణంలో అదంతట అదే మాయమవుతుంది. కాబట్టి పంచాయతీ మైకులో చెప్పాల్సింది ‘జాగ్రత్తగా ఉండండి’ అని కాదు, ‘ఆ చేను నుంచి నాలుగు చేల దూరం పోండి, ఒక్కరు కూడా మిగలొద్దు’ అని. పోలీసు వాళ్లు కూడా కాపలాకని ఇద్దరు కానిస్టేబుళ్లను పక్కన నిలబెట్టకూడదు. వాళ్లున్నంతసేపూ అదీ ఉంటుంది.

కాపలా తప్పదనుకునే చేలకు దీపాలు. ఆటలో ఒక టార్చి వెలుగు 14. మీటరుకు ఒకటి చొప్పున తగ్గి 13వ మీటరు దగ్గర 1, 14వ మీటరు దగ్గర సున్నా. కొలిచేటప్పుడు మూలగా టేపు లాగకూడదు. అడ్డంగా ఎన్ని, నిలువుగా ఎన్ని అని కూడాలి. ఎకరా అంటే ఇంచుమించు 64 మీటర్ల చదరం. చదరపు గళ్లలో పెడితే 13 మీటర్లకొకటి, అంటే ఎకరాకు పాతిక దీపాలు. అదే ఒక వరుసలో 26 మీటర్లకొకటి పెట్టి, 13 మీటర్ల అవతల రెండో వరుసను సగానికి జరిపి, చెట్లు నాటే ముక్కోణపు పద్ధతిలో పోతే అంచులతో కలిపి పదిహేనుకు సరిపోతుంది. తొమ్మిది వాట్ల బల్బులు పదిహేను, పన్నెండు గంటలు వెలిగితే రాత్రికి యూనిటున్నర పైచిలుకు. కాంట్రాక్టరు చేసే తప్పు కూడా ముందే చెబుతాం: ‘26 మీటర్లు’ అన్నది చూసి చదరపు గళ్లలో 26కొకటి పాతేస్తాడు. నాలుగు దీపాల నట్టనడుమ 13 కు 13 కలిపి 26 మీటర్ల దూరం, కటిక చీకటి. బిల్లు తగ్గుతుంది, క్రీపర్ సరిగ్గా అక్కడే లేస్తుంది. మోటారు కొట్టం వెనక నీడ, ట్రాలీ కింద, దిగుడు బావి మెట్లు, ఇవి కూడా వెలగాలి. చీకటి మూల ఒక్కటి మిగిలినా లాభం లేదు.

ఇక్కడ వ్యవసాయ శాఖ కలగజేసుకోవాలి. తొలకరి వానలకు ఎర్ర గొంగళిపురుగు రెక్కల పురుగులు లేచి దీపానికి వస్తాయి. ఆ గుణం చూసే దీపపు ఎరలు పెట్టమంటారు. జూన్, జూలైలో చేలో రాత్రంతా పదిహేను దీపాలు వెలిగిస్తే చుట్టుపక్కల చేల పురుగులన్నీ మన చేలోకే వచ్చి గుడ్లు పెడతాయి. ప్రతి దీపం కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, పైన కొంచెం కిరసనాయిలు వేయాలి, పొద్దున్నే పారబోసి మళ్లీ నింపాలి. దీపాలు ఇచ్చి పళ్లేలు ఇవ్వకపోతే క్రీపర్ నుంచి కాపాడి గొంగళికి అప్పజెప్పినట్టే.

దీపాలు పెట్టలేనిచోట పిల్లి. క్రీపర్ పిల్లికి ఆరు మీటర్ల దూరంలోనే వెనుదిరుగుతుంది. పిల్లి లేచి తరమక్కర్లేదు, కూర్చున్నా చాలు. మోటారు కొట్టానికి ఒకటి చాలదు, అది ఎలుక కోసం పక్క చేలోకి పోతే కొట్టం ఖాళీ. రెండు ఉండాలి, ఒకటి ఎప్పుడూ లోపల. చేనుకు బయలుదేరినప్పుడు పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగి, కాళ్లు కడుక్కుని మళ్లీ కదిలే పెద్దలు మనలో ఉన్నారు; వాళ్లకు నచ్చజెప్పడం ఏ శాఖ పనో మీరే తేల్చాలి.

పేలిపోతే ఏం చేయాలో కూడా రాసి ఉండాలి. బోరు పక్కన పేలితే రైతు చేసే మొదటి పని మోటారు పనిచేస్తుందో లేదో అని స్టార్టరు నొక్కడం. అది చేయకూడదు. కేసింగు పైపు చిట్లి ఉంటే మట్టి, గులకరాళ్లు లోపలికి జారి మోటారు బిగుసుకుపోయి ఉంటుంది. నొక్కితే వైండింగు కాలుతుంది. ముందు ఫీజులు తీసేయాలి, బోరు మూతి తెరిచి టార్చి వేసి కేసింగు చూడాలి, తాడుకు బరువు కట్టి దించి నీటి మట్టం, అడ్డం ఉందో లేదో చూసుకోవాలి, ఆ తర్వాతే గొలుసుకప్పీతో పైపులు లేపాలి. చేలో గుంత పడితే దాన్ని దొరికిన మట్టితో పూడ్చొద్దు. ఐదారు మీటర్ల అడ్డం, రెండు మూడు మీటర్ల లోతు గుంతకు పది ట్రాక్టర్ల దాకా పడుతుంది. కింద గరుసు, పైన ఒక అడుగు మందం ఎర్రమట్టి, దానిలో పశువుల ఎరువు. అది కూడా పొరకొక తడి పెట్టి దిగనిచ్చి. ఒకేసారి నింపితే తర్వాతి వానకు కుంగి అక్కడ నీళ్లు నిలుస్తాయి, చెనక్కాయ వేరు కుళ్లుతుంది. పంటల బీమాలో స్థానిక విపత్తులను 72 గంటల్లో తెలపాలన్న నిబంధన ఉంది. ఆ జాబితాలో వడగళ్లు, పిడుగుపాటు మంటలు ఉన్నాయి. క్రీపర్ పేలుడును ఏ గడిలో రాయాలో ఏఈఓలకు (వ్యవసాయ విస్తరణాధికారులకు) ముందే చెప్పి ఉంచండి. లేకపోతే మూడు రోజులూ ఆ గడి వెతకడానికే చాలవు.

జాంబీ గురించి ఎక్కువ అక్కర్లేదు, మన ఎండే దాని పని చూస్తుంది. రెండే జాగ్రత్తలు. ఆటలో కాలుతున్న జాంబీ నుంచి గడ్డికి మంట అంటుకోదు, ఇక్కడ అంటుకుంటుంది; కాబట్టి చెనక్కాయ కట్టె వామిని తూర్పు పొలిమేర నుంచి జరిపి, చుట్టూ రెండు గజాలు దున్ని ఉంచాలి. రెండు, నెత్తిన టోపీ ఉన్న జాంబీ కాలదు, ఆ టోపీ అరిగేదాకా తిరుగుతుంది. చేలలో పాత హెల్మెట్లు పారేయొద్దు.

ఎండర్‌మ్యాన్ వేరే రకం. మూడు మీటర్ల నల్లటి శాల్తీ, కళ్లలోకి చూడనంతవరకు ఎవరి జోలికీ రాదు. కానీ మట్టి, ఇసుక, గుమ్మడి, కళింగర దిమ్మెలను ఎత్తుకుపోయి ఇంకోచోట పెడుతుంది. రాయిని ఎత్తదు. అంటే హద్దురాయి భద్రం, గట్టు మాత్రం పొద్దుటికి పక్కవాడి చేలో ఉంటుంది. గట్టు తగాదాలకు ఈ సీమలో ఏమేం జరుగుతాయో రెవెన్యూ వాళ్లకు తెలుసు. కొలత గట్టుకు కాకుండా రాయికే అని ఇప్పుడే ఉత్తర్వు ఇవ్వండి. ఇసుక సంగతి ఇంకా తమాషా. ఒక దిమ్మె ఒక ఘనపు మీటరు, ఇంచుమించు టన్నున్నర పైమాటే. పెన్నలోంచి పర్మిటు లేకుండా, ట్రాక్టరు లేకుండా, చప్పుడు లేకుండా టన్నున్నర ఇసుక ఎత్తుకుపోయేవాడు దొరికాడంటే వాడిని పట్టుకోవడం కంటే పనిలో పెట్టుకోవడానికే ఎగబడతారు. నీళ్లంటే దీనికి పడదు, వాన చినుకు తగిలినా ఒళ్లు కాలి మాయమవుతుంది. 2016 ఖరీఫ్‌లో ఎండుతున్న చెనక్కాయ కోసం జిల్లాకు తెచ్చిన రెయిన్‌గన్లు ఎక్కడైనా గోదాముల్లో మిగిలి ఉంటే దులిపి, కళింగర తోటలకు ఇవ్వండి. తల మీద చెక్కిన గుమ్మడికాయ పెట్టుకుంటే కళ్లు కలిసినా కోపం రాదన్నది కూడా నిజమే. ఇంటి ముందు దిష్టికి కట్టే బూడిద గుమ్మడికాయ దీనికి పనికిరాదు, గుమ్మానికి కాదు, తలకే ఉండాలి.

ఇక పోకెమాన్లు. 1996లో జపానులో మొదలైన ఆ ఆటలో మొదటి విడతలో 151 రకాలు. వీటిలో చాలావాటిని మనం పెంచుకోగలం, అందుకే చిక్కు ఎక్కువ.

డిగ్లెట్ అని ఉంది. జానెడంత, ముప్పావు కిలో పైన. ఆటలోని పోకెడెక్స్ అనే వివరాల పుస్తకం ఒకచోట, ఇది తవ్విన నేల విత్తనానికి సిద్ధంగా దున్నినట్టు ఉంటుందని, అందుకే పొలాల్లో పెంచుతారని చెబుతుంది. అది చదివి సబ్సిడీ మీద పంచాలని ఎవరైనా ప్రతిపాదన పెడతారు. అదే పుస్తకం తొలి విడతలో, ఇది నేలకు గజం లోతున ఉండి మొక్కల వేళ్లు తింటుందని కూడా ఉంది. రెండూ నిజమే అనుకుంటే మాకు తోచింది ఇది. వేసవి దుక్కులప్పుడు, అంటే మే నెలలో, ఎకరాకు రెండో మూడో వదలొచ్చు. విత్తనం పడేనాటికి తీసేయాలి. చెనక్కాయ కదిరి-6 రకమైనా, కదిరి లేపాక్షి రకమైనా పూత వచ్చి ఊడలు నేలలోకి దిగడం మొదలయ్యాక చేలో ఒక్క డిగ్లెట్ ఉన్నా ఊడ తెగుతుంది, తెగిన ఊడకు కాయ లేదు. పైకి మొక్క పచ్చగానే ఉంటుంది కాబట్టి పీకేదాకా రైతుకు తెలియదు. తీసేయడం సులువే: దాని చర్మం పలుచన, వెలుతురు తగిలితే రక్తం వేడెక్కి నీరసపడుతుంది. మొదటి బొరియను పారతో తెరిచి ఎండ తగలనిస్తే అదే బయటపడుతుంది. ఇంకో సంగతి, దాని దారి గజం లోతు, మన పీవీసీ మెయిను పైపు రెండడుగుల లోతు. పైకి వచ్చిన ప్రతిసారీ పైపుకు గుద్దుకుంటుంది. డ్రిప్పు ఉన్న తోటల్లో దీన్ని అసలు వదలొద్దు.

విద్యుత్తు శాఖకు మాగ్నెమైట్. ఆరు కిలోలు, అడుగంత, రెండు పక్కల అయస్కాంతాలు. కరెంటు తీగలకు అతుక్కుని మేస్తుంది. ఇంట్లో కరెంటు పోతే ఫీజు డబ్బా చూసుకోండి, గుంపుగా పట్టి ఉండొచ్చని పోకెడెక్స్‌లోనే ఉంది. చేల ట్రాన్స్‌ఫార్మరు మీద ఇరవై చేరితే 120 కిలోల బరువు, పైగా ఫీడరు ఓవర్‌లోడు. అప్పుడు రైతు వెదురు దోటి తెచ్చి లాగడానికి చూస్తాడు. 11 కేవీ దగ్గర ఆ పని ప్రాణం తీస్తుంది, పచ్చి వెదురైతే మరీ. సరైన వరస: లైన్‌మన్ సబ్‌స్టేషను నుంచి లైను క్లియరు తీసుకోవాలి, స్తంభం మీద లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచి మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కళ్లతో చూడాలి, ఆ తర్వాత డిశ్చార్జి రాడ్డుతో పని జరిగేచోటికి రెండు వైపులా ఎర్తు చేయాలి. రెండు వైపులా అని ఎందుకు నొక్కి చెబుతున్నామంటే, మాగ్నెమైట్ తానే కరెంటు. సబ్‌స్టేషనులో ఆపినా అది తిరిగి లైనులోకి వదలగలదు, ఇన్వర్టరు ఉన్న ఇంటి నుంచి వచ్చే బ్యాక్‌ఫీడు మాదిరే. ఎర్తు చేశాక ముట్టుకోవద్దు. లోపలి కరెంటు అయిపోతే అది తనంత తానే కింద పడుతుంది. స్తంభం కింద ఎవరూ ఉండకూడదు, ఆరు కిలోల ఇనుము పై నుంచి పడితే హెల్మెట్టు కూడా ఆపదు. పడినదానికి బ్యాటరీ ఇస్తే మళ్లీ లేస్తుంది. టార్చి సెల్లులు పట్టుకుని పిల్లలు తిరగకుండా చూడాలి. నేల జాతి పోకెమాన్లకు కరెంటు దెబ్బ తగలదు కాబట్టి లైన్‌మన్‌కు ఒక డిగ్లెట్ ఇస్తే సరిపోతుందని ఎవరో ఒకరు అంటారు. దాన్ని నేల మీద పెట్టిన మరుక్షణం అది ఎర్తు గుంతలోని బొగ్గు, ఉప్పు అంతా తవ్వి బయటేస్తుంది.

పికాచూలను పోగేసి కరెంటు తీయాలన్న పథకం కూడా ఆ ఆటలోనే ఒకచోట ఉంది. వద్దు. అవి నాలుగు ఒకచోట చేరితే ఉరుములు, మెరుపులు పుడతాయి. మెరుపు తగిలిన క్రీపర్ మామూలు క్రీపర్ కాదు, పేలుడు బలం మూడు నుంచి ఆరుకు ఎగబాకుతుంది. సోలారు పలకలు, గాలిమరలు మనకు చాలినన్ని ఉన్నాయి.

జాతీయ రహదారి 44 మీద స్నోర్లాక్స్ అనే పోకెమాన్ పడుకుంటే రహదారుల వాళ్లు గాభరా పడొద్దు. తొలి ఆటలో రెండుచోట్ల దారి మొత్తం మూసేసింది నిజమే, కానీ అది 2.1 మీటర్ల శాల్తీ, మన రోడ్డులో ఒక లేను 3.5 మీటర్లు. ఇంకో లేను ఖాళీగానే ఉంటుంది. బరువు 460 కిలోలు, హైడ్రా క్రేనుకు లెక్కే కాదు. చేయకూడనిది నిద్రలో లేపడం. లేపిందంటే కలబడుతుంది. రెండు వందల మీటర్ల ముందు నుంచి కోన్లు పెట్టి, రాత్రి మెరిసే పట్టీలు కట్టి, అది తినడానికి లేచేదాకా ఆగడమే మేలు. రోజుకు 400 కిలోలు తింటే గానీ దానికి కడుపు నిండదు. తిండి మార్కెట్ యార్డులో పెడితే అక్కడికే పోతుంది.

ఆ తిండి విషయంలో మాకు దీని మీద కొంచెం ప్రేమ ఉందని ఒప్పుకోవాలి. బూజు పట్టింది తిన్నా దానికి కడుపునొప్పి రాదు. ధర పడిపోయి రోడ్డు పక్కన పారబోసే టమోటా, 15 కిలోల బాక్సుల లెక్కన రోజుకు 27. తడిసి బూజెక్కి, అఫ్లటాక్సిన్ అనే బూజు విషం భయంతో మిల్లు వాళ్లు వెనక్కి పంపే చెనక్కాయలు, పశువులకు కూడా పెట్టకూడనివి, దీనికి పెట్టొచ్చు. టమోటా మార్కెట్ దగ్గర ఒకటి ఉంటే చాలు. రెండోది వద్దు, ధర బాగున్న నెలల్లో రోజుకు 800 కిలోలు ఎక్కడ తెస్తారు?

వానలు తెచ్చే పోకెమాన్ల కోసం మీ మీద ఒత్తిడి వస్తుంది. మేఘమథనం చూసిన జిల్లా ఇది, రాకుండా ఉండదు. క్యోగర్ గానీ, డ్రిజిల్ గుణమున్న పోలిటోయెడ్ గానీ వస్తూనే వాన మొదలవుతుంది. పాత ఆటల్లో ఆ వాన ఆగేది కాదు. 2013లో వచ్చిన ఎక్స్, వై అనే ఆటల నుంచి ఐదు దఫాలకే (పోరులో ఒక్కో వంతు ఒక దఫా) పరిమితం, డాంప్ రాక్ అనే రాయి చేతిలో ఉంటే ఎనిమిది. ఏ కాలపు పోకెమాన్‌ను తెస్తున్నారో ఒప్పందంలో రాయించుకోండి. పాతదైతే పెన్న ఒడ్డు ఊళ్లు ఖాళీ చేయించాలి, కొత్తదైతే మడక కట్టేలోపే ఎండ కొడుతుంది. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు పడితేనే చెనక్కాయకు వాన. కళ్లంలో కాయ ఉన్నప్పుడు పడితే శాపం. ఇంకా మూడు చిక్కులు: వానలో జాంబీ కాలదు, పగలంతా తిరుగుతుంది, వానలో థండర్ అనే మెరుపు దెబ్బ గురి తప్పదు, ఉరుముల వానలో పట్టపగలే క్రీపర్లు పుడతాయి. ఎండర్‌మ్యాన్ ఒక్కడే పారిపోతాడు. మొత్తం మీద వద్దనే మా సలహా. గ్రౌడాన్ అనే ఎండలు తెచ్చేదాన్ని మాత్రం జిల్లా పొలిమేర దాటనివ్వొద్దు. ఆ పని ఇక్కడ ఉచితంగానే జరుగుతోంది.

టౌనుకు ఒక్క పేరా చాలు. 1980 నాటి పాక్-మాన్ దయ్యాలు సందులున్నచోటే తిరుగుతాయి కాబట్టి పాతూరు వాటికి బాగా నచ్చుతుంది. ఎర్రది నేరుగా వెంటపడుతుంది. గులాబీది మనిషి ముఖం ఎటుంటే అటు నాలుగు గళ్ల ముందుకు గురిపెడుతుంది, అంటే తిన్నగా పరిగెత్తేవాడికే ప్రమాదం, మలుపు తిరిగినవాడికి కాదు. నారింజది ఎనిమిది గళ్ల దగ్గరికి రాగానే తన మూలకు తిరిగిపోతుంది. మొదటి దశలో ఏడు సెకన్లు అన్నీ మూలలకు చెదిరిపోతాయి, తర్వాత ఇరవై సెకన్లు తరుముతాయి. సిగ్నలు లైట్లను ఆ ఏడు, ఇరవై లెక్కకు కడితే నడిచేవాళ్లు దాటొచ్చు. ఆటోవాళ్లకు ఏ లెక్కా అక్కర్లేదు, వాళ్లను పట్టే దయ్యం ఇంకా పుట్టలేదు.

పోలీసు శాఖకు రెండు సంగతులు. పేలకముందే చంపిన క్రీపర్ నుంచి రెండు దాకా తుపాకీమందు ఉండలు రాలతాయి. 1884 పేలుడు పదార్థాల చట్టం కింద దాన్ని దగ్గర పెట్టుకోవడానికి లైసెన్సు కావాలి. తాడిపత్రి వైపు రాతిగనులున్నాయి, లైసెన్సు ఖర్చు లేకుండా మందు దొరికితే వద్దనేవారు తక్కువ. ఇంకే పనులకు వాడతారో ఈ సీమలో ఉద్యోగం చేసేవాళ్లకు మేం విడమర్చక్కర్లేదు. రాలిన మందును స్టేషనులో అప్పజెప్పినవాడి మీద కేసు పెట్టబోమని ముందే చెప్పండి, లేకపోతే ఒక్కరూ అప్పజెప్పరు. రెండోది వజ్రకరూరు. తొలకరికి వజ్రాల కోసం చేలల్లో చూపు నేలకు వేసి నడిచే జనం, క్రీపర్ పేలితే మట్టి తిరగబడుతుందని తెలిస్తే రాత్రిపూట కావాలనే దాన్ని చేలోకి పిలుచుకుంటారు. ఆటలో క్రీపర్ పేల్చిన దిమ్మెల్లో మూడోవంతే చేతికి దక్కుతాయి, మిగతావి మాయం. ఆ ముక్క అక్కడ పెద్ద అక్షరాల బోర్డు మీద రాయించండి. బెదిరింపు కంటే అదే పనిచేస్తుంది.

తలకింత అని బహుమతి మాత్రం ప్రకటించొద్దు. మైన్‌క్రాఫ్ట్‌లోని స్లైమ్ అనే జిగురుముద్ద పెద్దది చంపితే రెండు నుంచి నాలుగు నడిమివి అవుతాయి, ఒక్కో నడిమిది మళ్లీ రెండు నుంచి నాలుగు చిన్నవి. ఒక్క ముద్దకు 21 తలల బిల్లు పెట్టొచ్చు, అదీ నిజాయితీగా. చిన్నవి ఎవరినీ ఏమీ చేయవు. ఇవ్వాలనుకుంటే పెద్దదానికే ఇవ్వండి, ఫొటో చూసి.

మా కోరికలు మూడే. వ్యవసాయ కరెంటు పగలే ఇవ్వాలి; ఇది రేపటి నుంచే చేయొచ్చు. దీపాలు మంజూరైతే ముక్కోణపు కొలత పటం, కిరసనాయిలు పళ్లేలు కూడా అదే అంచనాలో చేర్చాలి; పటం మేం గీసి ఇస్తాం. మూడోది పిల్లుల మేత ఖర్చు. మోటారుకు రెండు చొప్పున లెక్కేస్తే చిన్న మొత్తం కాదు. పశుసంవర్ధక శాఖ తమది కాదంటుంది, విద్యుత్తు శాఖ అసలు కాదంటుంది. ఏ పద్దు కింద రాస్తారో వచ్చే సమీక్షలోపు తెలియజేయగలరు.

ఇట్లు,
చేను, జాయ్‌స్టిక్కు రెండూ పట్టిన అనంతపురం జిల్లావాళ్లం కొందరం